నడుము సమ్మతించు గోల్ఫు

వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగినవాడు మరల గోల్ఫు ఆడవచ్చునా యను ప్రశ్న నేడు మన నగరములలో తఱచుగ వినవచ్చుచున్నను, దానికి లభించు సమాధానములు మిక్కిలి తొందరపాటుతో గూడినవిగ నుండును; ఆట నెఱుగని బంధువులు "ఇంక మానుకొనుము" అందురు, ఆటలోని స్నేహితులు "నొప్పి తగ్గినది గదా, రమ్ము" అందురు, ఎట్లు ఆడవలయునని మాత్రము ఎవ్వరును అడుగరు. నాకు చిరపరిచితులైన ఇద్దరు పెద్దలు ఈ విషయమునే పట్టుకొని వాదించుకొనుట వినిన పిమ్మట, ఆ వాదమును నలుగురకు తెలియజేయుట మంచిదని తలచి ఇక్కడ వ్రాయుచున్నాను. వారిరువురును వియ్యంకులు. ఒకరు ఎముకల శస్త్రచికిత్సలో చేయి తిరిగి, కొంతకాలము క్రిందట విశ్రాంతి గైకొన్న వైద్యులు. రెండవవారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగ పనిచేసి, గోల్కొండ కోటకు చేరిన నయాఖిల్లాలోని కోర్సునందు ఈ ఆటకు అలవాటుపడినవారు. ఇంజనీరుగారికి నాలుగవ, అయిదవ కటిపూసల నడిమి డిస్కు చిట్లి, దాని తునక నరమును నొక్కి, కాలు ఈడ్చుకొని నడచు స్థితి వచ్చినందున శస్త్రచికిత్స జరిగినది. అది జరిగిన కొన్ని నెలలకు ఆయన గోల్ఫు సంచిని అటకమీదినుండి దింపించుచుండగా వియ్యంకులవారు చూచుట ఈ సంవాదమునకు కారణము.

వైద్యులు: బావగారూ, కాలిలోని మంట పోయినది, రాత్రి నిద్ర పట్టుచున్నది, మునుపటివలె నడువగలుగుచున్నారు. ఇంతటి లాభమును పొందిన పిమ్మట, ఆ రోగమును తెచ్చిపెట్టిన ఆటయొద్దకే మరల పోవ నేల? నడక యున్నది, ఈత యున్నది, ఎత్తుకొని తిప్పుటకు మన మనుమడున్నాడు. గోల్ఫును వదలివేయుడని మీ క్షేమమును కోరు బంధువుగ చెప్పుచున్నాను.

ఇంజనీరు: బంధువుగ చెప్పిన మాటకు తల యొగ్గెదను, బావగారూ, కాని మీరు వైద్యులు గూడ గనుక కారణ మడుగుదును. నాకు శస్త్రచికిత్స చేసినవారు ఆట మానుమనలేదు. డిస్కు తునకను తీసివేసినవారిని 4 మొదలు 8 వారములకును, పూసలను అతికించు ఫ్యూజను జరిగినవారిని సుమారు 6 నెలలకును మెల్లమెల్లగ ఆటకు పోనిచ్చుట అనేక వైద్యులు అనుసరించుచున్న పద్ధతియే యని వారు చెప్పిరి. నేను అంతకంటె హెచ్చు కాలమే ఆగితిని.

వైద్యులు: వారు చెప్పినది గాయము మానుటకు పట్టు కాలమును గూర్చి. నేను చెప్పుచున్నది నడుము నిర్మాణమును గూర్చి. మీకు తీసివేసినది డిస్కు అంతయు గాదు, నరమును నొక్కుచున్న తునక మాత్రమే. మిగిలిన డిస్కు అక్కడనే యున్నది. దాని గోడయందలి చీలిక మచ్చ కట్టి మూసికొనును గాని, పుట్టుకతో వచ్చిన గోడకున్న బలము దానికి రాదు. ఈ చికిత్స జరిగినవారిలో నూటికి 5 మొదలు 15 మందికి అదేచోట డిస్కు మరల జారుట మాకందఱకు తెలిసిన సంగతి. ఆ గోడ పొరలు పొరలుగ నుండును; ఒక పొరలోని నారలు ఒక వాలుగను, దాని ప్రక్క పొరలోనివి ఎదురు వాలుగను అల్లుకొనియుండును. మీరు ముందునకు వంగినప్పుడో, బరువెత్తినప్పుడో ఆ నారలన్నియు కలిసి పని చేయును. నడుమును మెలిపెట్టినప్పుడు మాత్రము ఆ మెలికకు ఎదురు నిలుచునవి సగము పొరలే. తక్కిన సగము వదులై యుండును. గోల్ఫు అనునది మెలికయే గదా!

ఇంజనీరు: గోల్ఫునందు తిరుగుట గలదు, ఆ తిరుగుట నడుమునందే జరుగవలయునని ఏ శాస్త్రము చెప్పినది? మీరే చెప్పుడు, అయిదు కటిపూసలును కలిసి ఒక ప్రక్కకు ఎంత తిరుగగలవు?

వైద్యులు: 10 మొదలు 15 డిగ్రీలు, అంతకుమించి లేదు. ఒక్కొక్క పూసకు రెండు మూడు డిగ్రీలు. అచ్చటి కీళ్ళ పలకలు నిలువుగ, ముందువెనుకలుగ అమరియుండుటచేత అవి మెలికను ఆపుటకే యున్నవి.

ఇంజనీరు: వాటి పైనున్న వక్షోభాగపు పన్నెండు పూసలు?

వైద్యులు: వాటి కీళ్ళ అమరిక వేఱు, 35 డిగ్రీల వఱకు తిరుగును. తొంటికీళ్ళు ఆరోగ్యముగ నున్నచో ఒక్కొక్కటి లోపలివైపునకు 30 మొదలు 45 డిగ్రీలు తిరుగును. మీరు ఎచ్చటికి వచ్చుచున్నారో నాకు తెలిసినది.

ఇంజనీరు: తెలిసినచో సగము వాదము ముగిసినట్లే. క్లబ్బును వెనుకకు తీసికొనిపోవునప్పుడు భుజములు 90 డిగ్రీలు తిరుగవలయునని మాకు నేర్పుదురు. తొంటి 45 ఇచ్చినచో, వక్షోభాగము 35 ఇచ్చినచో, నడుము 10 ఇచ్చిన చాలును. అది దానికి సహజమైన పరిమితిలోనిదే. తొంటిని తిరుగనీయక బిగబట్టి, భుజములను మాత్రము 90 త్రిప్పబూనినప్పుడు ఆ లోటునంతయు నడుము పూడ్చవలసి వచ్చును. నేను ఇన్నాళ్ళు చేసినది అదే. నా యిష్టముచొప్పున చేసినదిగాదు, మాకు ఆట నేర్పు శిక్షకుడైన ప్రో చెప్పినట్లు చేసితిని. వారికి నేర్పినవారును అట్లే నేర్పిరి. ఈ బిగబట్టు పద్ధతి ఎప్పటినుండి వచ్చినదో తమకు తెలియునా?

వైద్యులు: తెలియదు. చెప్పుడు.

ఇంజనీరు: మొదట ఈ ఆటకు హికరీ యను చెట్టు కఱ్ఱతో చేసిన క్లబ్బులుండెడివి. ఆ కఱ్ఱ కొంత మెలికపడునది గనుక ఆటగాడు తొందరపడక, తొంటిని భుజములతోపాటు స్వేచ్ఛగ పోనిచ్చి, ఎడమ మడమను నేలనుండి లేవనిచ్చి, దీర్ఘముగ త్రిప్పవలసి వచ్చెడిది. 1929లో సెంట్ ఆండ్రూస్‌నందలి నియమకర్తలు ఉక్కు కడ్డీలను అనుమతించిరి. ఉక్కు మెలికపడదు, ఎంత బలముగ కొట్టినను తట్టుకొనును. అయినను బాబీ జోన్సు నాటినుండి జాక్ నిక్లాసు నాటి వఱకు గొప్ప ఆటగాండ్రలో ఎడమ మడమ లేచుట సర్వసాధారణమే. తరువాత తరములవారు దూరమును కోరి, క్రింది భాగమును కదలనీయక పై భాగమును మాత్రమే చుట్టుట మొదలుపెట్టిరి. 1992లో జిమ్ మెక్‌లీన్ అను ఉపాధ్యాయుడు భుజముల తిరుగుడునకును తొంటి తిరుగుడునకును గల భేదమునకు 'ఎక్స్ ఫ్యాక్టర్' అని పేరు పెట్టి, అది ఎంత హెచ్చయిన దెబ్బ అంత దూరము పోవునని వ్రాసిన పిమ్మట, దూరమునకు ఆశపడు మావంటి సామాన్యులుగూడ ఆ భేదమును పెంచుటకే పాటుపడిరి. తడిపంచె ఒక కొసను గట్టిగ పట్టి రెండవ కొసను మెలిపెట్టినప్పుడు నీరు కారునట్లు మా నడుములను మేమే పిండుకొంటిమి. రెండు కొసలు కలిసి తిరిగినచో పంచెకు మెలిక లేదు గదా.

వైద్యులు: చరిత్ర బాగుగనే యున్నది. కాని మెలిక ఒక్కటే నడుమునకు శత్రువని మీరు భావించుచున్నారు. గోల్ఫు దెబ్బలో కటిపూసలమీద పడు ఒత్తిడి శరీరభారమునకు సుమారు 8 రెట్లని లెక్కించియున్నారు. పరుగెత్తునప్పుడు పడునది 3 రెట్లు. ఆ ఒత్తిడి, ఆ మెలిక, కుడిప్రక్కకు వంపు, మూడును ఒక్కసారి వచ్చిపడును. అదియును క్లబ్బు పైనుండి బంతిని చేరు కాలము నాలుగవవంతు సెకనుగ నుండగా. తొంటిని వదలినంతమాత్రమున ఈ మూటిలో ఒకటి తగ్గును. మిగిలిన రెండింటికి ఏమందురు?

ఇంజనీరు: వాటికి వత్తును. కాని ముందు ఈ స్వేచ్ఛ వలన ఏమి లభించునో చూడుడు. శామ్ స్నీడ్ తొంటిని భుజముల వెంట పోనిచ్చి ఆడినవారిలో అగ్రగణ్యుడు. ఆయన 1965లో గ్రీన్స్‌బరోనందు గెలిచినప్పుడు ఆయన వయస్సు 52 ఏండ్లు, అమెరికా పి.జి.ఏ. టూరునందు అంతటి వయస్సున గెలిచినవారు నేటికిని లేరు. 1979లో, 67 ఏండ్ల వయస్సున, ఒకనాడు 67 దెబ్బలలోను మఱియొకనాడు 66 దెబ్బలలోను కోర్సును ముగించెను.

వైద్యులు: స్నీడ్ నడుమును ఎవరును కోయలేదు, బావగారూ. ఆరోగ్యవంతుని చూపి రోగికి ధైర్యము చెప్పుట న్యాయముగాదు. మీరు శస్త్రచికిత్స జరిగినవారిని చూపవలయును. అందఱును చూపునది టైగర్ వుడ్సును గనుక నేనే చూపెదను. 2014 మార్చి నెలలో ఆయనకు మొదటిసారి డిస్కు తునకను తీసిరి. 2015లో సెప్టెంబరునందొకసారి, అక్టోబరునందొకసారి మరల చికిత్స జరిగినది. 2017 ఏప్రిలునందు అయిదవ కటిపూసను దాని క్రిందనున్న త్రికాస్థితో అతికించిరి. అంతటితో ముగిసినదా? 2020 డిసెంబరునందు మరల డిస్కునకు చికిత్స. 2024 సెప్టెంబరునందు నరముమీది ఒత్తిడిని తగ్గించు చికిత్స. 2025 అక్టోబరునందు నాలుగవ, అయిదవ పూసల నడిమి డిస్కును తీసి కృత్రిమమైనదానిని అమర్చిరి. ఆ కడపటిది ఎచ్చట జరిగినదో గమనింపుడు: అతికించిన కీలునకు సరిగ పై కీలునందు. అతికిన కీలు కదలదు గనుక దాని పనిని పై కీలు మోయవలసివచ్చుట మేము తఱచుగ చూచునదే. నడుమ 2021లో ఆయనకు ఘోరమైన కారు ప్రమాదముగూడ జరిగినది గనుక, అన్నిటికిని ఆటయే కారణమని నేను చెప్పబోను. అయినను ఈ వరుసను చదివినవాడెవడైనను మరల క్లబ్బు పట్టుటకు ఉత్సాహపడునా?

ఇంజనీరు: పడును, ఏలనన ఆ వరుసలో మీరు వదలినవి రెండున్నవి. ఫ్యూజను జరిగిన మఱుసటి యేడు, 2018 సెప్టెంబరు 23వ తేదీన, అట్లాంటాలోని ఈస్ట్ లేక్ కోర్సులో ఆయన గెలిచెను. 2019 ఏప్రిలు 14వ తేదీన అగస్టాలో అయిదవసారి మాస్టర్స్ పందెమును గెలిచెను; అప్పటికి ఆయనకు 43 ఏండ్లు. కూర్చుండుటకు, నిలుచుటకు కష్టపడిన మనుష్యుడు లోకములోని మేటి ఆటగాండ్రను నాలుగు దినములు ఎదుర్కొని నిలిచెను.

వైద్యులు: గెలుచుటను నేను కాదనలేదు. గెలుచుటకు ఏమి వెచ్చించెనో అడుగుచున్నాను. ఫ్యూజను జరిగిన మఱుసటి యేడే, 2018 మార్చిలో, ఫ్లారిడాలోని ఒక పందెములో ఆయన క్లబ్బు వేగము గంటకు 129 మైళ్ళకు పైగ నమోదైనది. టూరునందలి సగటు ఆటగాని వేగము దానికి ఎంతో తక్కువ. అతికిన నడుముతో ఆ వేగమేల? ఇది నడుమునకు అనుకూలమైన స్వింగనిపించుకొనునా?

ఇంజనీరు: అనిపించుకొనదు. అందుచేతనే నేను వుడ్సును మార్గదర్శిగ ఎంచుకొనలేదు. ఆయన జీవనము ఆ వేగముమీద ఆధారపడియున్నది. నా జీవనము పింఛనుమీద ఆధారపడియున్నది. నేను చూచునది లీ ట్రెవినోను. 1975లో చికాగో సమీపమున ఆడుచుండగా పిడుగుపాటునకు గురియై, 1976లో డిస్కునకు శస్త్రచికిత్స చేయించుకొని, 1977లోను 1979లోను కెనడా ఓపెను పందెమును గెలిచి, 1984లో, 44 ఏండ్ల వయస్సున, షోల్ క్రీక్‌నందు పి.జి.ఏ. ఛాంపియన్‌షిప్పును గెలిచినవాడు. ఆయన పాదములను లక్ష్యమునకు ఎడమవైపుగ తెఱచి నిలిచి, మోకాళ్ళను తొంటిని ముందునకు పోనిచ్చి, పొట్ట లక్ష్యమునకు అభిముఖమగునట్లు ముగించెడివాడు. చూచుటకు అందముగ లేదని అన్నవారున్నారు. నాకు అందముకంటె ఆ ముగింపు కావలెను.

వైద్యులు: ట్రెవినో ఆ విధముగ నిలుచుట శస్త్రచికిత్సకు పూర్వమును గలదు గదా. అయినను డిస్కు చెడెను.

ఇంజనీరు: గలదు, పిడుగుపాటును గూడ లెక్కలోనికి తీసికొనుడు. ఆ నిలుకడయే ఆయనను కాపాడెనని నేను ప్రమాణము చేయలేను. శస్త్రచికిత్స తరువాత ఆయన దానిని మార్చుకొనవలసిన యగత్యము కలుగలేదనుట మాత్రము నిజము.

వైద్యులు: సరియే. ఇంక నా అసలైన అభ్యంతరమును వినుడు. మీరు తొంటిని వదలవలయునని చెప్పుచున్నారు, వెనుకకు వాలరాదని, పొడవుగ నిలువవలయునని గూడ చెప్పబోవుదురు. ఇంటియందు అద్దము ముందర నిలిచి ఇవన్నియు చేయగలరు. కాని దెబ్బ క్రిందికి వచ్చునది నాలుగవవంతు సెకనులో. ఆ కాలమునందు మనస్సు ఏ ఆజ్ఞను ఇచ్చినను అది కండరమునకు చేరి పనిగ మారులోపల బంతి వెడలిపోవును. ఎదుట చెరువు, ప్రక్కన మిత్రుడు, గెలుపోటమి ఒక్క దెబ్బమీద నున్నప్పుడు, మీ శరీరము ఏండ్లతరబడి నేర్చుకొన్నదానినే చేయును. నిన్న నేర్చుకొన్నదానిని చేయదు. శరీరము ఆ అలవాటును మఱచువఱకు నేను ఆట మానుమందును. అది మఱవదు గనుక ఎప్పటికిని మానుమందును.

ఇంతవఱకు జరిగిన వాదములో వైద్యులవారి వాక్కులన్నిటికంటె బలమైనది ఇదియే యని నేను భావించుచున్నాను. పూసలు, నారలు, డిగ్రీలు శాస్త్రజ్ఞులకు తెలిసినవి. కాని తెలిసినదానిని వేగములో చేయలేకపోవుట ఆటగాడైన ప్రతివాని అనుభవము. దీనికి సమాధానము లేనిచో శరీరానుకూలమైన స్వింగు అను మాట బోధకులకే గాని ఆటగాండ్రకు పనికివచ్చునది కాదు. ఇంజనీరుగారు కొంతసేపు ఆలోచించి చెప్పిన సమాధానమును, దాని ప్రాముఖ్యమును బట్టి, ఏమియు తగ్గింపక ఇచ్చుచున్నాను.

ఇంజనీరు: బావగారూ, మీరు చెప్పినది అక్షరాల నిజము, కదలుచున్నప్పుడు ఏమియు మార్చలేము. అందుచేత కదలుటకు ముందే మార్చవలయును. నేను ఆనకట్టల పనిలో ఉన్నప్పుడు వఱదవచ్చిన రాత్రి నీటికి ఉపదేశము చేయలేదు; నీరు పోవలసిన త్రోవను వేసవిలోనే కట్టించితిని. నా స్వింగునందు నిలుచుండి నిర్ణయింపగలిగిన ప్రతిదానిని నిలుచుండియే నిర్ణయింతును. మొదటిది పాదములు. ఎడమపాదపు వ్రేళ్ళను బయటికి 25, 30 డిగ్రీలు త్రిప్పి పెట్టెదను. అప్పుడు ముగింపునందు ఎడమ తొంటి లోపలికి తిరుగవలసిన దూరము అంత తగ్గును. కుడిపాదమునుగూడ కొంచెము బయటికి త్రిప్పెదను. వెనుకకు తిరుగునప్పుడు కుడితొంటి సులభముగ తిరుగును. పాదముల నడిమి దూరమును తగ్గించెదను. ఎడము హెచ్చినకొలది తొంటి బిగియును, తగ్గినకొలది తిరుగును. వెనుకకు త్రిప్పునప్పుడు ఎడమ మడమ లేచినచో లేవనిత్తును. దానిని నేలకు అంటిపెట్టుమను పాత బోధను నేను మఱచినను మఱవకున్నను, పాదములు ఇట్లున్నప్పుడు మడమ తనంతటనే లేచును.

రెండవది బంతికిని నాకును గల దూరము. దూరముగ నిలిచినవాడు నడుమునుండి వంగును. దగ్గఱగ నిలిచినవాడు నిటారుగ నుండును. నేను నా ఐరనులకు కడ్డీలను అర అంగుళము పొడిగింపించి, బంతికి దగ్గఱగ నిలిచి, వంగవలసిన కొద్దిపాటి వంపును తొంటికీలునందు వంగుచున్నాను, నడుమునందు గాదు. మూడవది క్లబ్బును ఎన్నుకొనుట. పూర్వము 140 గజముల దూరమునకు ఏడవ నంబరు ఐరనును బలముతో కొట్టెడివాడను. ఇప్పుడు అదే దూరమునకు ఆఱవదానిని గాని అయిదవదానిని గాని తీసికొని, మూడువంతులు మాత్రమే వెనుకకు పోయి, నెమ్మదిగ కొట్టెదను. సంచినుండి క్లబ్బు తీయునప్పుడే నా వేగము తగ్గినది. నాలుగవవంతు సెకనులో తగ్గింపవలసిన పని లేదు. మీరు చెప్పిన పాత అలవాటు మేల్కొన్నను, ఈ పాదములతో, ఈ దూరముతో, ఈ క్లబ్బుతో అది పూర్వమంత చెఱుపు చేయజాలదు.

వైద్యులు: ఇది నేను ఊహింపని సమాధానము. కొంత సమ్మతింతును. కాని ఒత్తిడికిని ప్రక్కవంపునకును సమాధానము చెప్పుదునంటిరి. బంతిని పైకి లేపవలయునని ఆటగాడు దెబ్బ సమయమున కుడిప్రక్కకు వాలి వెనుకకు వంగుట నేను చూచితిని. కటిపూసల వెనుకకీళ్ళు, డిస్కు కుడిభాగము, అప్పుడే నలుగును.

ఇంజనీరు: దానిని మావారు 'రివర్స్ సి' అందురు, ముగింపునందు శరీరము తిరుగవేసిన ఆ ఆంగ్లాక్షరమువలె కనబడును. 1960, 70 దశకములలో అది గొప్ప ఆటకు చిహ్నమని మెచ్చుకొనిరి. నిక్లాసుగూడ యౌవనమున అట్లు ముగించెడివాడే. అది బంతిని లేపవలయునను ఆతురతవలన వచ్చును. బంతిని లేపునది క్లబ్బు ముఖముయొక్క వాలు, మనుష్యుడు గాదు. అందుచేత వాలు తక్కువైన పొడవు ఐరనులను సంచినుండి తీసివేసి, వాటి స్థానమున హైబ్రిడ్డు క్లబ్బులను పెట్టితిని. అవి బంతిని సులభముగ లేపును గనుక వెనుకకు వాలవలసిన ఆశ పుట్టదు. ముగించునప్పుడు బరువంతయు ఎడమకాలిమీదకు వచ్చి, కుడి మడమ పూర్తిగ లేచి, నిటారుగ నిలువవలయును. ముగింపునందు కొంతసేపు కదలక నిలువగలిగినచో దెబ్బ సరిగ నున్నట్లు, తూలినచో లేనట్లు.

వైద్యులు: దూరము తగ్గును గదా. మీ తోటివారి బంతులు ముందు పడియుండగా మీ మనస్సు సహించునా? అహంకారము వెన్నుపూసలకంటె త్వరగ మరల జారును.

ఇంజనీరు: ముందున్న టీలనుండి, అనగా రంధ్రమునకు దగ్గఱి ఆరంభస్థానములనుండి, ఆడుదును, కోర్సు కట్టినవారు వాటిని ఊరక పెట్టలేదు.

వైద్యులు: మంచిది. తెల్లవాఱుజామున ఆడుట మాటేమి? మన హైదరాబాదు ఆటగాండ్రు ఎండకు వెఱచి సూర్యోదయమునకే మొదటి బంతిని కొట్టుదురు. రాత్రి పడుకొన్నప్పుడు డిస్కులు నీటిని పీల్చుకొని ఉబ్బియుండును. నిద్రలేచిన మొదటి గంటలో వంగినచో వాటిమీద పడు ఒత్తిడి పగటికంటె ఎంతో హెచ్చు. మీరు పడకనుండి లేచి, కాఫీ త్రాగి, కారులో కూర్చుండి, దిగి, డ్రైవరు అను పెద్ద క్లబ్బును తీసి కొట్టుచుంటిరి. మీ డిస్కు చిట్లుటకు ఆ వేళగూడ కొంత కారణమని నేను అనుకొనుచున్నాను.

ఇంజనీరు: ఇది నాకెవ్వరును చెప్పలేదు, బావగారూ. చలికాలమున సాయంకాలము ఆడవచ్చును, వేసవిలో కష్టము.

వైద్యులు: వేసవిలో గంటన్నర ముందు లేవుడు. లేచి నడువుడు, కూర్చుండవలదు. కోర్సు చేరిన పిమ్మట పొట్టిక్లబ్బుతో మెల్లగ అర త్రిప్పుళ్ళు త్రిప్పి, పిదపనే పెద్దవాటిని ముట్టుకొనుడు. ప్రాక్టీసు రేంజిలో బుట్టెడు బంతులను వరుసగ కొట్టుట పూర్తిగ మానుడు. పదునెనిమిది హోల్సు ఆడినను మీరు నిండుగ త్రిప్పునవి సగము దెబ్బలే, నడుమ నడక యున్నది. రేంజిలో గంటకు నూఱు బంతులు విశ్రాంతి లేక కొట్టుదురు. కుదుపులుపెట్టు బండి యెక్కుటకంటె నడచుట మేలు. సంచి మోయుటకు క్యాడీ యున్నాడు.

ఇంజనీరు: క్యాడీ యుండుటచేత రంధ్రమునుండి బంతి తీయవలసిన పనిగూడ లేదు. ఒకవేళ తీయవలసివచ్చినను, పుట్టరుమీద ఆనుకొని ఒక కాలు వెనుకకు లేపి వంగుట నాకు ఫిజియోథెరపిస్టు నేర్పియున్నారు.

వైద్యులు: ఇంత శ్రమపడి ఇంత జాగ్రత్తగ ఆడనేల యని మాత్రము నాకు మరల తోచుచున్నది. కోపపడక చెప్పుడు, ఈ ఆటలో మీకేమున్నది?

ఇంజనీరు: ఇది అడుగుదురనియే కాచుకొనియున్నాను. ఉద్యోగము పోయిన తరువాత నన్ను ఎవ్వరును దేనికిని పిలువలేదు. ఆ కోర్సులో నలుగురము కలిసి నాలుగు గంటలు నడుతుము. అందులో ఒకరు భార్యను పోగొట్టుకొన్నవారు, ఒకరి కుమారుడు విదేశమునుండి రాడు. ఇంటిలో చెప్పుకొననివి ఆ నడకలో చెప్పుకొందుము. ఆట లేనిచో ఆ నడకకు ఎవ్వరును రారు. మనుష్యులకు కూడుటకు ఒక పని కావలెను. ఇంక నా నడుమును గూర్చి: శస్త్రచికిత్స జరిగిన పిదప నేను వంగుటకు భయపడితిని, చెప్పులు తొడుగుకొనుటకు భయపడితిని, మనుమని ఎత్తుకొనుటకు భయపడితిని. మెల్లగ బంతిని చిప్పు చేయ మొదలుపెట్టిన దినమున ఆ భయము మొదటిసారి వదలినది.

వైద్యులు: ఆ భయమును నేను ఎఱుగుదును. వెన్ను మానిన తరువాత గూడ ఏండ్లతరబడి కఱ్ఱవలె నడచి, కండరములు కృశించి, నొప్పిని తామే తెచ్చుకొన్న రోగులు నాకుండిరి. వారికి నేను మానుడని చెప్పిన పనులు కొన్ని, చేయుడని చెప్పియుండిన బాగుండెడిదని తరువాత తోచినది. మీ మాటను నేను త్రోసివేయలేను. కాని మీ వాదమంతయు ఒక్క స్తంభముమీద నిలిచియున్నది. ఆ స్తంభమును పరీక్షింపక సమ్మతింపను. తొంటి 45 ఇచ్చునని లెక్క వేసితిరి. మీ తొంటి ఇచ్చునా? ఎన్నడైన కొలిచిరా?

ఇంజనీరు: లేదు.

వైద్యులు: భోజనపు బల్లమీద కూర్చుండుడు. తొడలు కదలనీయవలదు, మోకాళ్ళు అంచున వ్రేలాడవలయును. కుడిపాదమును బయటివైపునకు పోనిత్తును. తొంటి లోపలికి తిరుగుట యనిన ఇదే. కుడిది 35 డిగ్రీలున్నది, మంచిదే. ఇప్పుడు ఎడమది... 20. అంతకుమించి పోవుటలేదు. నొప్పిగ నున్నదా?

ఇంజనీరు: నొప్పి లేదు, పట్టివేసినట్లున్నది.

వైద్యులు: చూచితిరా! ముగింపునందు శరీరమంతయు తిరుగవలసినది ఈ ఎడమ తొంటిమీదనే. అది 20తో ఆగినచో మిగిలినది ఎవరు తిరుగవలయును? నడుమునొప్పిగల గోల్ఫు ఆటగాండ్రలో ముందుకాలి తొంటి ఇట్లు బిగిసియుండుట పరిశోధకులు గమనించియున్నారు. మీ ప్రో నేర్పిన బిగువు ఒక కారణము. మీ కీలు బిగువు రెండవ కారణము. మీ సిద్ధాంతమునందు దోషము లేదు. దానిని మోయవలసిన కీలునందే యున్నది.

ఇంజనీరు: అట్లయిన ఎడమపాదమును 30 కాదు, 40 డిగ్రీలు బయటికి పెట్టవలయును.

వైద్యులు: పెట్టుడు, కీలునుగూడ సాగదీయుడు. రెండును చేయవలయును. అంతవఱకు పుట్టింగు, చిప్పింగు, తొమ్మిదవ నంబరు ఐరనుతో అర స్వింగు, అంతే. దినము విడిచి దినము.

ఇంజనీరు: ఏడవ నంబరు, బావగారూ. అర స్వింగే.

వైద్యులు: తొమ్మిదవ నంబరు. నెల గడచిన పిమ్మట ఈ బల్లమీదనే మరల కొలుతును. ఎడమది 30 దాటినచో ఏడవదానిని గూర్చి మాటలాడుదము. డ్రైవరును అప్పుడుగూడ అడుగవలదు.

ఇంజనీరు: డ్రైవరును అడుగుదును, మీరు కాదనుడు, కారణము చెప్పుడు. ఇప్పుడు ఆ తొంటిని సాగదీయు విధమును చూపుడు.

వైద్యులు: మంచముమీద గాదు, మెత్తగ దిగబడును. నేలమీద చాప పఱపింపుడు, చూపెదను.